వాన లెక్క కుదిరింది, మెరుపుల లెక్క ఎందుకు కుదరలేదు?

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. నా సమాధానం అందులోని ఒక చిన్న వివరం చుట్టూనే తిరుగుతుంది. మీరు వాతావరణాన్ని లెక్కించే డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే కంప్యూటర్ మోడల్‌ను 9 కిలోమీటర్ల గళ్లున్న బయటి గ్రిడ్‌తో, 3 కిలోమీటర్ల గళ్లున్న లోపలి గ్రిడ్‌తో నడిపి ఒక భారీ ఉరుముల వానను అనుకరించారు. ప్రాంతం మొత్తం మీద కురిసిన వాన పరిశీలనలకు దగ్గరగానే వచ్చింది. అయితే వాన జోరుగా పడిన చోటు దాదాపు 30 కిలోమీటర్లు పక్కకు జరిగింది. మేఘం ఎత్తును బట్టి మెరుపుల సంఖ్యను చెప్పే సూత్రాన్ని మోడల్ ఫలితాలకు మీరే అన్వయించి చూస్తే, నమోదైన మెరుపులకు నాలుగు రెట్లు వచ్చాయి. ఇప్పుడు గ్రిడ్‌ను 1 కిలోమీటరుకు తగ్గించాలా, మైక్రోఫిజిక్స్ పథకాన్ని (మేఘంలో నీటి బిందువులు, మంచు ఎలా పుట్టి పెరుగుతాయో లెక్కించే భాగాన్ని) మార్చాలా, ఇదే సూత్రంతో రాబోయే దశాబ్దాల మెరుపులను అంచనా వేయవచ్చా అన్నవి మీ మూడు ప్రశ్నలు. వీటిలో మొదటి రెండింటి కంటే ముందు చూడవలసినది ఇంకొకటి ఉంది. "వాన సరిగ్గా వచ్చింది కాబట్టి మేఘం సరిగ్గా వచ్చింది" అని మీరు అనుకున్నారే, ఆ అనుకోవడంలోనే చిక్కుంది.

వాన, మెరుపు ఒకే మేఘం నుంచి వచ్చినా, మేఘంలో అవి ఆధారపడే చోట్లు వేరు. నేల మీద పడిన వాన అంటే మేఘం తనలోకి లాక్కున్న తేమలో చివరికి కిందికి దిగిన భాగం. అది మేఘం అడుగు నుంచి పైదాకా జరిగిన ఎన్నో పనుల నికర ఫలితం. అందులో ఒకచోట జరిగిన తప్పు మరోచోట జరిగిన తప్పుతో చెల్లుకు చెల్లు అయిపోవడం చాలా మామూలు విషయం. మెరుపుకు అలాంటి వెసులుబాటు లేదు. ఉష్ణోగ్రత 0 డిగ్రీల సెల్సియస్ నుంచి మైనస్ 40 డిగ్రీల వరకు ఉండే పొరలో, అందులోనూ ముఖ్యంగా మైనస్ 10 నుంచి మైనస్ 25 మధ్యలో, ఏం జరుగుతోందన్నదే దానికి ప్రధానం. సముద్రం మీద కురిసే భారీ వానల్లో మెరుపు చాలా తక్కువగా ఉండటాన్ని ఉపగ్రహాలు ఎన్నో ఏళ్లుగా చూపిస్తున్నాయి. అక్కడ నీటి బిందువులు గడ్డకట్టే ఎత్తుకు చేరకముందే ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై కురిసిపోతాయి. పైకి లేచే గాలి వేగం కూడా నేల మీది మేఘాల్లో కంటే తక్కువ. భూమి మొత్తం మీద సగటున సెకనుకు సుమారు 44 మెరుపులు మెరుస్తాయని కక్ష్యలోని కాంతి సంవేదకాల కొలతల నుంచి 2003లో లెక్కగట్టారు. వాటిలో అత్యధిక భాగం నేల మీదివే. సముద్రం మీద పడే వానతో పోల్చి చూస్తే, వాన ఎంత పడిందో చూసి మెరుపులు ఎన్నో చెప్పడం ఎంత కష్టమో అర్థమవుతుంది.

మేఘంలో విద్యుదావేశం ఎలా పుడుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. మోడల్ ఎక్కడ తప్పుతుందో దీనిలోనే కనిపిస్తుంది. బలమైన ఊర్ధ్వ ప్రవాహం నీటి బిందువులను గడ్డకట్టే ఎత్తు దాటించి మోసుకుపోతుంది. అవి వెంటనే గడ్డకట్టవు. మైనస్ 15 డిగ్రీల దగ్గర కూడా ద్రవంగానే ఉండే ఈ అతిశీతల బిందువులు ఒక మంచు రేణువుకు తగలగానే దాని మీద గడ్డకట్టి అతుక్కుంటాయి. అలా పూతపూతగా పెరిగిన మెత్తటి మంచు గుళికే గ్రౌపెల్. బరువెక్కిన గ్రౌపెల్ కిందికి జారుతూ ఉంటే, తేలికైన మంచు స్ఫటికాలు గాలితో పైకి పోతూ దానికి తగిలి ఎగిరిపోతాయి. ఆ ఒక్క తాకిడిలో అతి స్వల్పమైన ఆవేశం చేతులు మారుతుంది. అలాంటి తాకిడులు లెక్కకు అందనన్ని జరిగి, గ్రౌపెల్ కింద, స్ఫటికాలు పైన వేరుపడితే, మేఘం రెండు మూడు ఆవేశ పొరలుగా విడిపోతుంది. తకాహాషి 1978లో ప్రచురించిన ప్రయోగశాల ఫలితాల్లో గ్రౌపెల్‌కు వచ్చే ఆవేశం ధనమా ఋణమా అన్నది ఉష్ణోగ్రత మీద, చుట్టూ ఉన్న ద్రవ నీటి మోతాదు మీద ఆధారపడి మారింది. చల్లని పై పొరల్లో గ్రౌపెల్ సాధారణంగా ఋణావేశం పొందుతుంది. వెచ్చని కింది పొరల్లో ధనావేశం పొందుతుంది. మేఘం మధ్యలో పెద్ద ఋణావేశ పొర, పైన ధనావేశం, అడుగున చిన్న ధనావేశం ఉండే అమరిక ఇలా ఏర్పడుతుంది.

గ్రౌపెల్, మంచు స్ఫటికాలు, అతిశీతల నీరు మూడూ ఒకే చోట ఒకే సమయంలో ఉండాలన్నది ఇందులో కీలకం. మూడింటిలో ఒకటి లేకపోయినా ఆవేశం వేరుపడటం చాలావరకు ఆగిపోతుంది. మీ మోడల్‌లో వాన సరిపోయిందంటే ఈ మూడూ సరిపోయాయని అర్థం కాదు. అతిశీతల నీటిని అవసరానికి మించి త్వరగా మంచుగా మార్చేసే పథకం కూడా నేల మీద దాదాపు అంతే వాన కురిపించగలదు.

మైక్రోఫిజిక్స్ పథకాల గురించి మీరు అడిగిన ప్రశ్న ఇక్కడికే వస్తుంది. 1969లో కెస్లర్ ఇచ్చిన పథకంలో మంచు అన్నదే లేదు. మేఘ నీరు, వాన నీరు మాత్రమే ఉంటాయి. మెరుపుల పనికి అది పనికిరాదు. ఇప్పుడు ఎక్కువమంది వాడే డబ్ల్యూఎస్‌ఎమ్6 వంటి ఏకచలన (సింగిల్-మొమెంట్) పథకాలు నీటి ఆవిరి, మేఘ నీరు, వాన, మేఘ మంచు, హిమం, గ్రౌపెల్ అనే ఆరు రూపాల ద్రవ్యరాశిని మాత్రమే వెంటాడతాయి. ఒక ఘనమీటరులో ఎన్ని గుళికలున్నాయన్నది ముందే అనుకున్న ఒక పంపిణీ నుంచి తీసుకుంటాయి. మోరిసన్, మిల్‌బ్రాంట్-యావ్, ఎన్‌ఎస్‌ఎస్‌ఎల్ (అమెరికాలోని తీవ్ర తుఫానుల ప్రయోగశాల) వంటి ద్విచలన (డబుల్-మొమెంట్) పథకాలు ద్రవ్యరాశితో పాటు సంఖ్యను కూడా లెక్కిస్తాయి. ఒక గ్రాము మంచు కొన్ని పెద్ద గుళికలుగా ఉందా, వేలాది చిన్న గుళికలుగా ఉందా అన్నది వాన మొత్తాన్ని కొంచెమే మార్చవచ్చు, కానీ తాకిడుల సంఖ్యను పూర్తిగా మార్చేస్తుంది. అందువల్ల మెరుపులే మీ అసలు లక్ష్యమైతే ద్విచలన పథకం వైపే మొగ్గుతాను. వాన మాత్రమే కావాలనుకుంటే ఈ అదనపు ఖర్చు ప్రతిసారీ గిట్టుబాటు కాదు.

వాన పడిన చోటు పక్కకు జరగడంలో కూడా ఈ పథకానికి పాత్ర ఉండవచ్చు. ఒక చిన్న లెక్క చూడండి. గడ్డకట్టే ఎత్తుకు 3 కిలోమీటర్ల పైన ఏర్పడిన మంచు, మేఘంతో పోలిస్తే సెకనుకు 10 మీటర్ల వేగంతో వీస్తున్న గాలిలో కిందికి దిగుతోందనుకుందాం. అది సెకనుకు 1 మీటరు వేగంతో రాలే హిమమైతే, ఆ 3 కిలోమీటర్లు దిగడానికి 3,000 సెకన్లు పడుతుంది. ఈలోగా 30 కిలోమీటర్లు పక్కకు కొట్టుకుపోతుంది. అదే సెకనుకు 4 మీటర్ల వేగంతో రాలే గ్రౌపెల్ అయితే 750 సెకన్లలో దిగిపోతుంది, పక్కకు జరిగేది 7.5 కిలోమీటర్లే. అంటే ఒకే మంచును ఒక పథకం హిమమనీ, ఇంకొక పథకం గ్రౌపెల్ అనీ లెక్కవేసుకుంటే చాలు, వాన 20 కిలోమీటర్లకు పైగా స్థానం మార్చుకుంటుంది. మెరుపుల పరంగా చూస్తే ఇది ఇంకా పెద్ద తేడా. హిమంగా మిగిలిపోయిన మంచు ఆవేశాన్ని పెద్దగా వేరుచేయదు. మీ అవుట్‌పుట్‌లో మైనస్ 15 డిగ్రీల తలం మీద గ్రౌపెల్, హిమం ఏ నిష్పత్తిలో ఉన్నాయో మొదట గీసి చూడండి. నా అనుభవంలో ఈ ఒక్క చిత్రం ఎన్నో పట్టికల కంటే ఎక్కువ చెబుతుంది.

అయినా స్థానం తప్పిన ప్రతిసారీ మైక్రోఫిజిక్స్‌నే పట్టుకోవడం సరికాదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, మోడల్‌లో ఏ తప్పు జరిగినా ఆ నింద ఈ పథకం మీదే పడుతుంటుంది. ఒకసారి నేను వారాల తరబడి పథకాలు మార్చి మార్చి నడిపాను. ఒక్కో దానితో వాన ఒక్కో చోట పడింది కానీ, ఏదీ అసలు చోటికి రాలేదు. చివరికి ఉదయం ఎగరేసిన బెలూన్ కొలతలను మోడల్ ప్రారంభ స్థితితో పక్కపక్కన పెట్టి చూస్తే, నేలకు దగ్గరి కిలోమీటరు పొరలో మోడల్ గాలి కిలోగ్రాముకు గ్రామున్నర మేర పొడిగా ఉంది. కిలోగ్రాము గాలిలో ఒక గ్రాము నీటి ఆవిరి ద్రవిస్తే ఆ గాలి సుమారు 2.5 డిగ్రీలు వేడెక్కుతుంది. మేఘం పైకి లేవడానికి కావలసిన తేలుడు శక్తి అంతా ఒకటి రెండు డిగ్రీల తేడా మీద నిలిచే చోట, గ్రామున్నర తేమ తప్పు అంటే మేఘం ఎక్కడ మొలకెత్తాలో నిర్ణయించే తప్పు. ఆ రోజు నుంచి పథకాల జోలికి పోయే ముందు ప్రారంభ స్థితిలోని తేమను తప్పనిసరిగా చూస్తున్నాను. మీరు కూడా ముందు ఆ పని చేయండి.

ఇక నాలుగు రెట్ల మెరుపుల సంగతి. మీరు వాడిన సూత్రం ప్రైస్, రిండ్ 1992లో ఇచ్చినది. నేల మీది ఉరుముల మేఘంలో నిమిషానికి వచ్చే మెరుపుల సంఖ్య, మేఘం ఎత్తును కిలోమీటర్లలో తీసుకుని 4.9వ ఘాతానికి పెంచి, దాన్ని లక్షకు 3.44 చొప్పున గుణిస్తే వచ్చే విలువ. 10 కిలోమీటర్ల మేఘానికి ఇది నిమిషానికి సుమారు 2.7 మెరుపులు ఇస్తుంది. 12 కిలోమీటర్లకు 6.7, 13 కిలోమీటర్లకు 9.9, 15 కిలోమీటర్లకు దాదాపు 20. 12 నుంచి 13కు వెళ్లేసరికి మెరుపులు దాదాపు సగం పెరిగాయని గమనించండి. మీ మోడల్‌లో ఆ ఎత్తుల దగ్గర రెండు నిలువు పొరల మధ్య దూరం ఎంత ఉందో చూసుకోండి. అర కిలోమీటరు ఉన్నా, పైభాగం ఒక పొర అటో ఇటో అయినంత మాత్రాన మెరుపులు 20 శాతానికి పైగా మారిపోతాయి. మేఘం పైభాగం అంటే ఏమిటన్నది మరో ప్రశ్న. మంచు స్వల్పంగా ఉన్న చివరి పొరా, రాడార్ ప్రతిధ్వని బలం 20 డీబీజెడ్ (ఆ బలాన్ని కొలిచే ప్రమాణం) ఉండే చివరి ఎత్తా? ఈ రెండింటి మధ్య రెండు మూడు కిలోమీటర్ల తేడా ఉండటం వింత కాదు. మీరు మంచు ఉన్న చివరి పొరను తీసుకున్నట్టు మీ వివరణను బట్టి అర్థమవుతోంది. మీ నాలుగు రెట్లలో కొంత వాటా దీనిదే అయి ఉండవచ్చు.

దీనికంటే ఎక్కువగా అనుమానించవలసినది ఇంకొకటి ఉంది. ఆ సూత్రం ఒక్కో ఉరుముల మేఘానికి సంబంధించినది. 3 కిలోమీటర్ల గ్రిడ్‌లో ఒక ఉరుముల మేఘం ఎన్నో గ్రిడ్ గళ్ల మీద పరుచుకుని ఉంటుంది. మోడల్ ముగిశాక మీరు ప్రతి గడికీ విడివిడిగా సూత్రాన్ని వర్తింపజేసి కూడితే, ఒకే మేఘాన్ని పలుమార్లు లెక్కించినట్టే. మేఘం నుంచి దూరంగా వ్యాపించిన దాగలి ఆకారపు పైభాగంలో ఊర్ధ్వ ప్రవాహం ఉండదు, మెరుపులు పుట్టించే గ్రౌపెల్ ఉండదు, ఎత్తు మాత్రం నిండుగా ఉంటుంది. సూత్రం దాన్ని కూడా ఉరుముల మేఘంగానే భావిస్తుంది. డబ్ల్యూఆర్‌ఎఫ్‌లోనే ఉన్న మెరుపుల పథకాలు ఏ గ్రిడ్ పరిమాణానికి ఏది తగినదో వేరు చేసి ఇచ్చాయి. గరిష్ఠ ఊర్ధ్వ వేగాన్ని గానీ 20 డీబీజెడ్ ఎత్తును గానీ వాడేవి మేఘాలను నేరుగా లెక్కించే సన్నని గ్రిడ్‌ల కోసం, సంవహన పథకం (గ్రిడ్ గడి కంటే చిన్న మేఘాలను అంచనాగా లెక్కించే భాగం) చెప్పే తేలుడు ముగిసే ఎత్తును వాడేది ముతక గ్రిడ్‌ల కోసం. ఒకదాని చోట ఇంకొకటి పెట్టకూడదు.

ఎత్తు మీద ఆధారపడే సూత్రాలను నేను ఇప్పుడు పోలిక కోసమే ఉంచుతున్నాను. ముతక గ్రిడ్ ఉన్న వాతావరణ మోడళ్లలో లోపలి మంచు వివరాలు నమ్మదగినంతగా లేనప్పుడు అవి తప్ప దారి లేదు. మీ చేతిలో మంచు రూపాలన్నీ విడివిడిగా ఉన్నాయి కాబట్టి వాటినే వాడండి. మెకాల్, సహచరులు 2009లో ఇచ్చిన పద్ధతి రెండు విలువలను తీసుకుంటుంది. మైనస్ 15 డిగ్రీల తలం గుండా పైకి పోయే గ్రౌపెల్ ప్రవాహం ఒకటి, నిలువుగా కూడిన మొత్తం మంచు రెండోది. వాటిని 95, 5 శాతాల బరువుతో కలుపుతారు. మొదటిది మెరుపులు ఎప్పుడు పెరిగి ఎప్పుడు తగ్గాయో పట్టుకుంటుంది, రెండోది మెరుపులు వ్యాపించే విస్తీర్ణాన్ని సరిచేస్తుంది. గుణకాలను మీ మైక్రోఫిజిక్స్ పథకానికి తగినట్టు మళ్లీ సరిదిద్దుకోవడం తప్పదు. ఒక పథకంతో కుదిరిన అంకె ఇంకొక పథకంతో కుదరదు. యాయిర్, లిన్, సహచరులు 2010లో ప్రతిపాదించిన మెరుపు సంభావ్యతా సూచిక ఇంకొక మంచి దారి. అది 0 నుంచి మైనస్ 20 డిగ్రీల మధ్య పొరలో ఊర్ధ్వ ప్రవాహపు శక్తిని తీసుకుని, ద్రవ నీరు, మంచు రెండూ పక్కపక్కన ఉన్న చోటనే దానికి విలువ ఇస్తుంది. అది మెరుపుల సంఖ్యను చెప్పదు, మెరుపుకు ఎంత అనువుగా ఉందో చెబుతుంది. మీ ప్రస్తుత అవుట్‌పుట్‌తోనే దాన్ని లెక్కగట్టవచ్చు, కొత్తగా మోడల్ నడపనక్కరలేదు.

ఆవేశాన్నే నేరుగా లెక్కించే పద్ధతులూ ఉన్నాయి. ఎన్‌ఎస్‌ఎస్‌ఎల్ పరిశోధకులు అభివృద్ధి చేసి, ఫియెరో, సహచరులు 2013లో డబ్ల్యూఆర్‌ఎఫ్‌లో ప్రవేశపెట్టిన పథకంలో ప్రతి మంచు రూపంతో పాటు దాని ఆవేశం కూడా గాలితో కదులుతుంది. ఆ ఆవేశ సాంద్రత నుంచి పాయిసాన్ సమీకరణాన్ని సాధించి విద్యుత్ క్షేత్రాన్ని కనుగొంటారు. క్షేత్రం ఒక హద్దు దాటిన చోట మెరుపు మొదలైందని భావించి, చుట్టుపక్కల ఆవేశంలో కొంత భాగాన్ని తగ్గిస్తారు. ఆ హద్దు ఎత్తుతో పాటు తగ్గుతుంది, పైన గాలి పలుచబడటమే దానికి కారణం. పొడి గాలి సముద్ర మట్టం దగ్గర విద్యుత్తుకు లొంగాలంటే మీటరుకు సుమారు 30 లక్షల వోల్టులు కావాలి. ఉరుముల మేఘాల్లోకి పంపిన బెలూన్లు కొలిచిన క్షేత్రాలు దానికంటే చాలా తక్కువ, మీటరుకు లక్ష, రెండు లక్షల వోల్టుల స్థాయిలో ఉంటాయి. మరి మెరుపు ఎలా మొదలవుతుందన్నది ఇంకా పరిశోధన సాగుతున్న విషయం. అందుకే ఏ మోడల్‌లోనైనా ఈ హద్దు భౌతిక సూత్రం నుంచి నేరుగా దిగివచ్చినది కాదు, పరిశీలనలను చూసి ఎంచుకున్నది. తకాహాషి ప్రయోగాల ఆధారంగా ఆవేశాన్ని ఇస్తే ఒక అమరిక, సాండర్స్ ప్రయోగాల ఆధారంగా ఇస్తే మరో అమరిక రావచ్చు. కొన్ని మేఘాల్లో పొరల గుర్తులే తారుమారవుతాయి. ఇది తెలిసి వాడితే ఈ పద్ధతి ఎంతో నేర్పుతుంది. రోజువారీ సూచనలకు మాత్రం ఇంత శ్రమ అవసరమని నాకు అనిపించదు.

గ్రిడ్‌ను 1 కిలోమీటరుకు తగ్గించాలా? ముందు ఖర్చు చూడండి. 3 నుంచి 1కి వెళితే రెండు దిశల్లోనూ గళ్లు మూడేసి రెట్లు పెరుగుతాయి, కాలపు అడుగు (మోడల్ ఒక్కో లెక్కకు ముందుకు జరిగే సమయం) మూడో వంతు అవుతుంది. మొత్తం మీద 27 రెట్లు. డబ్ల్యూఆర్‌ఎఫ్‌కు కిలోమీటరుకు 6 సెకన్ల చొప్పున కాలపు అడుగు పెట్టుకోవాలన్న వాడుక ప్రకారం 18 సెకన్లు 6 సెకన్లకు దిగుతాయి. ఊర్ధ్వ ప్రవాహం మరీ బలంగా ఉంటే ఇంకా తగ్గించవలసి వస్తుంది. ఇక లాభం చూద్దాం. మోడల్ నిజంగా చూడగలిగే అతిచిన్న ఆకారం ఒక గడి అంత ఉండదు. స్కమరాక్ 2004లో చూపినట్టు అది గడి పరిమాణానికి సుమారు ఏడు రెట్లు. అంటే మీ 3 కిలోమీటర్ల గ్రిడ్ 20 కిలోమీటర్ల ఆకారాలను బాగా చూస్తుంది. 5, 6 కిలోమీటర్ల వెడల్పుండే ఊర్ధ్వ ప్రవాహాన్ని మొద్దుగా, అవసరానికి మించి వెడల్పుగా గీస్తుంది. 1 కిలోమీటరు వద్ద ఇది మెరుగవుతుంది. అయినా పూర్తిగా కుదురుతుందని అనుకోవద్దు. లోతైన మేఘాల్లోని సుడులను సరిగ్గా చూడాలంటే 100 మీటర్ల స్థాయి గ్రిడ్ కావాలని బ్రయన్, వింగార్డ్, ఫ్రిట్ష్ 2003లోనే చూపారు.

మెరుపుల విషయంలో ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. గరిష్ఠ ఊర్ధ్వ వేగాన్ని వాడే సూత్రంలో మెరుపులు ఆ వేగపు 4.5వ ఘాతంతో పెరుగుతాయి. 3 కిలోమీటర్ల గ్రిడ్‌లో సెకనుకు 20 మీటర్లున్న గరిష్ఠ వేగం 1 కిలోమీటరు గ్రిడ్‌లో 30 అయిందనుకోండి. మేఘం అదే, రోజు అదే, మెరుపులు మాత్రం ఆరు రెట్లు అవుతాయి. అందువల్ల గ్రిడ్ మార్చిన ప్రతిసారీ మెరుపుల గుణకాన్ని మళ్లీ సరిదిద్దాలి. ఈ పని చేయకుండా "సన్నని గ్రిడ్‌లో మెరుపులు పెరిగాయి" అని రాసిన నివేదికలు నా దగ్గరకు పరిశీలనకు వచ్చాయి. అందులో పెరిగినది సూత్రంలోని ఘాతం చూపిన ప్రభావమే తప్ప మెరుపులు కావు. మీ బయటి 9 కిలోమీటర్ల గ్రిడ్ సంగతి కూడా ఒక మాట. అది సంవహనాన్ని పథకానికి వదలాలో, నేరుగా లెక్కించాలో తేలని మధ్యస్థ పరిధిలో ఉంటుంది. అక్కడ పథకాన్ని ఉంచడమే మేలు. లోపలి గ్రిడ్‌లో మాత్రం తీసేయండి.

నా సలహా ఏమిటంటే, 27 రెట్ల కంప్యూటర్ సమయం మీ చేతిలో ఉంటే దాన్ని 1 కిలోమీటరు రన్ ఒక్కదానికి ఖర్చు చేయకండి. 3 కిలోమీటర్ల వద్దే ప్రారంభ స్థితిని, తేమను కొద్దికొద్దిగా మార్చి 20 రన్‌ల ఎన్సెంబుల్ నడపండి. లోరెంజ్ 1969లో వివరించినట్టు ఆకారం ఎంత చిన్నదైతే అందులో తప్పు అంత త్వరగా రెట్టింపవుతుంది. ఒంటరి ఉరుముల మేఘం స్థాయిలో ఆ వ్యవధి గంటల్లో కొలవవలసినంత తక్కువ. కొండలు, తీరరేఖ, బలమైన వాయు సరిహద్దులు ఉన్నప్పుడు మేఘం ఎక్కడ పుట్టాలో అవి కొంత నిర్ణయిస్తాయి, అప్పుడు స్థానం కాస్త నిలుస్తుంది. అవేవీ లేని చోట 30 కిలోమీటర్ల స్థానభ్రంశం మోడల్ వైఫల్యం కాకపోవచ్చు. ఆ రోజు అంతకంటే కచ్చితంగా చెప్పడం సాధ్యం కాకపోయి ఉండవచ్చు. ఎన్సెంబుల్‌లో 20 రన్‌లూ ఒకే వైపు 30 కిలోమీటర్లు జరిగితే అది ఎక్కడో ఉన్న స్థిరమైన తప్పు. అటూ ఇటూ చెదిరి, వాటి మధ్యలో అసలు చోటు ఉంటే ఆ రోజు స్వభావమే అంత. ఈ తేడా ఒక్క రన్‌తో, అది ఎంత సన్నని గ్రిడ్‌లో నడిపినా, తెలియదు.

మెరుపుల డేటాతో స్థానాన్ని సరిచేయవచ్చు కూడా. రాడార్ కిరణం కొండల వెనుకకు పోదు, సముద్రం మీద దూరానికి అందదు. మెరుపుల సంవేదకాలకు ఆ ఇబ్బంది తక్కువ. మోడల్‌లో మేఘం లేని చోట మెరుపు నమోదైతే, 0 నుంచి మైనస్ 20 డిగ్రీల పొరలో అక్కడ నీటి ఆవిరిని కొద్దిగా పెంచి మేఘాన్ని పుట్టించే పద్ధతిని ఫియెరో, సహచరులు 2012లో చూపారు. మొదటి కొన్ని గంటల్లో దీని ప్రయోజనం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తర్వాత పెద్ద పరిధి గాలులు, తేమ మళ్లీ పట్టు బిగిస్తాయి. మెరుపు లేకపోవడాన్ని వాడుకోవడం కష్టం. మెరుపు లేదంటే మేఘం లేదని అర్థం కాదని మొదట్లోనే చెప్పుకున్నాం కదా.

పోలిక చేసే విధానం గురించి మీరు అడగలేదు, కానీ మీ నాలుగు రెట్లలో కొంత భాగం అక్కడి నుంచే వచ్చి ఉండవచ్చు. మెరుపులన్నీ పిడుగులు కావు. మేఘంలోనే మెరిసి మేఘంలోనే ఆరిపోయేవే ఎక్కువ. మీరు వాడిన సూత్రం మొత్తం మెరుపులను చెబుతుంది. మీరు పోల్చినది నేల మీది సంవేదకాల జాలం ఇచ్చిన జాబితా అయితే, అలాంటి జాలాలు చాలావరకు పిడుగులను బాగా పట్టుకుని మేఘంలోని మెరుపుల్లో ఎన్నింటినో వదిలేస్తాయి. దీనికి వ్యతిరేక దిశలో జరిగే పొరపాటూ ఉంది. ఒక పిడుగులో సాధారణంగా మూడు నాలుగు వరస తాకిడులు (వెంటవెంటనే వచ్చే విద్యుత్ ప్రసరణలు) ఉంటాయి. జాబితాలోని ప్రతి వరస ఒక తాకిడా, ఒక పిడుగా అన్నది డేటాతో పాటు ఇచ్చే వివరణలో చూసుకోండి. భూస్థిర కక్ష్యలోని మెరుపుల చిత్రకాలు మొత్తం మెరుపులను చూస్తాయి. అమెరికా గోస్-ఆర్ తరగతి ఉపగ్రహాల మీది పరికరం ఉపగ్రహానికి నేరుగా కింద సుమారు 8 కిలోమీటర్ల స్పష్టతతో చూస్తుంది. అయితే మేఘం మరీ దట్టంగా ఉంటే అడుగున మెరిసినది పైకి కనిపించకపోవచ్చు.

పోల్చేటప్పుడు గడికి గడి పెట్టకండి. 30 కిలోమీటర్లు జరిగిన మంచి అనుకరణకు అలా పోల్చితే రెండుసార్లు శిక్ష పడుతుంది. వాన లేని చోట వాన చూపినందుకు ఒకసారి, ఉన్న చోట చూపనందుకు ఇంకోసారి. రాబర్ట్స్, లీన్ 2008లో ఇచ్చిన భాగాల నైపుణ్య స్కోరు దీనికి మంచి ఉపాయం. ఒక చుట్టుపరిధిలో ఎంత భాగం మీద వాన హద్దు దాటిందో మోడల్‌లోనూ పరిశీలనలోనూ లెక్కించి, పరిధిని పెంచుకుంటూ పోతారు. స్థానభ్రంశానికి సుమారు రెట్టింపు పరిధి వచ్చేసరికి స్కోరు పనికొచ్చే స్థాయికి చేరుతుంది, మీ విషయంలో అది 60 కిలోమీటర్ల దగ్గర. మెరుపులకూ ఇదే లెక్క వాడండి. ఇంకో చిన్న విషయం, చూడటానికి చిన్నదే కానీ ఎన్నోసార్లు ఇబ్బంది పెట్టింది. డబ్ల్యూఆర్‌ఎఫ్ ఇచ్చే వాన మొదటి నుంచీ కూడుతూ వచ్చిన మొత్తం. గంట వాన కావాలంటే రెండు వరస సమయాల తేడా తీయాలి. ఊర్ధ్వ వేగం మాత్రం ఆ క్షణానికి ఉన్న విలువ. గంటకోసారి అవుట్‌పుట్ తీస్తే మధ్యలో వచ్చిన గరిష్ఠం జారిపోతుంది. కాబట్టి గంటలోని గరిష్ఠాన్ని మోడల్ నడుస్తుండగానే నిల్వ చేయించండి.

ఏరోసాల్ (గాలిలో తేలే సూక్ష్మ రేణువుల) ప్రభావాన్ని మీరు ప్రస్తావించారు. అది నిజమే, లెక్కలోకి తీసుకోవలసినదే. హిందూ మహాసముద్రం, దక్షిణ చైనా సముద్రాల మీద ఓడలు ఎక్కువగా తిరిగే దారుల పైన మెరుపులు పక్క ప్రాంతాలకు దాదాపు రెట్టింపు ఉన్నట్టు థార్న్‌టన్, సహచరులు 2017లో చూపారు. పొగలోని రేణువులు చిన్నచిన్న బిందువులను ఎక్కువగా ఏర్పరచి, అవి కురవకుండా పైకి పోయి అతిశీతల నీటిని పెంచుతాయన్నది వారి వివరణ. బిందువుల సంఖ్యను ఒకే అంకెగా బిగించి పెట్టిన పథకంతో ఇలాంటి తేడా కనిపించే అవకాశమే లేదు. కానీ మీ నాలుగు రెట్ల తేడాను దీనితో వివరించే ప్రయత్నం ఇప్పుడే చేయకండి. పైన చెప్పిన లెక్క తప్పులు తీరాక ఏమైనా మిగిలితే అప్పుడు చూడవచ్చు.

మీ మూడో ప్రశ్న, ఇదే సూత్రంతో భవిష్యత్తు మెరుపులను చెప్పవచ్చా అన్నది, అన్నిటికంటే బరువైనది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టగలిగే నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. భారీ వానలు తీవ్రమవుతాయని చెప్పడానికి ఈ భౌతిక ఆధారం గట్టిది. మెరుపుకు అంత సూటి ఆధారం లేదు. రోంప్స్, సహచరులు 2014లో తేలుడు శక్తిని వాన తీవ్రతతో గుణించి అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రధాన భూభాగానికి లెక్కవేస్తే, డిగ్రీకి 12 శాతం చొప్పున, 5 శాతం అటూ ఇటూగా, మెరుపులు పెరుగుతాయని తేలింది. ఫిన్నీ, సహచరులు 2018లో మేఘం పైకి పంపే మంచు ప్రవాహాన్ని ఆధారంగా తీసుకుని ప్రపంచమంతటికీ లెక్కవేస్తే, తీవ్రంగా వేడెక్కే పరిస్థితిలో శతాబ్దం చివరికి మెరుపులు 15 శాతం తగ్గుతాయని వచ్చింది. రెండూ శ్రద్ధగా చేసిన పనులే. ప్రాంతాలు వేరు, ఎంచుకున్న ఆధారం వేరు, చివరికి దిశే వేరైంది. మేఘం ఎత్తు సూత్రంతో మాత్రమే లెక్కవేస్తే, వేడెక్కిన వాతావరణంలో మేఘాల పైభాగం ఎత్తుకు జరుగుతుంది కాబట్టి 4.9వ ఘాతం మెరుపులను పెంచి తీరుతుంది. అక్కడ అతిశీతల నీరు, గ్రౌపెల్ ఏమయ్యాయో ఆ సూత్రం అడగనే అడగదు. మీ పరిశోధనలో ఎత్తు సూత్రంతో వచ్చిన ఫలితాన్ని, గ్రౌపెల్ ప్రవాహంతో వచ్చిన ఫలితాన్ని ఒకే పటం మీద పక్కపక్కన ఇవ్వండి. రెండూ ఏకీభవించిన ప్రాంతాల గురించి మాట్లాడండి. విడిపోయిన చోట మైనస్ 15 డిగ్రీల తలం దగ్గర మోడల్‌లో ఏం మారిందో చూపించండి.